బీడులో విడిది

“విడిది ఎవరిచ్చారు?” అంది మా ఆవిడ ఫోన్లో.

అప్పటికి నేనూ మా అబ్బాయీ అరిజోనాలో క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరు దాటి, కంకర నేల మీద కారు ఆపి గుడారం దించుతున్నాం. ఫీనిక్స్ నుంచి పడమరకు రెండు గంటల దారి. ఫిబ్రవరి నెల, పొద్దు గుంకే వేళ. ఒకరు కేకేస్తే ఇంకొకరికి వినపడీ వినపడనంత ఎడంగా వ్యానులూ ట్రెయిలర్లూ ఆగి ఉన్నాయి. ఎవరూ ఇవ్వలేదు, ఎవర్నీ అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు, ఇది సర్కారు నేలట అని చెప్పాను. “పిలవకుండా దిగితే దాన్ని విడిది అనరు” అని తీర్పు చెప్పి ఆవిడ ఫోన్ మనవరాలి చేతికిచ్చింది.

మేకులు కొట్టడం అబ్బాయికి వదిలేసి నేను ఆ మాట పట్టుకున్నాను.

విడిది అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది పెళ్ళి. మగపెళ్ళివారిని దింపే ఇల్లు. కాఫీ ఆలస్యమైందని వియ్యపురాలు అలిగే స్థలం. ఐదు రోజుల పెళ్ళిళ్ళ కాలంలో ఊళ్ళో ఎవరిదో పెద్ద ఇల్లు అడిగి విడిది చేసేవారు. ఇప్పుడు కల్యాణ మండపం పై అంతస్తులో నాలుగు గదులకు ఆ పేరు పెడుతున్నారు. ఆ లెక్కన మా ఆవిడ మాట నిజమే. విడిదికి ఇచ్చేవాడు ఉండాలి.

మాట పుట్టుక మాత్రం ఆ షరతు పెట్టలేదు. విడిది వెనక విడియు అనే పాత క్రియ ఉంది. దారిలో ఆగడం, దిగడం అని అర్థం. కావ్యాల్లో సేనలు విడిసేది ఏటి ఒడ్డున, ఎవరి పిలుపూ లేకుండా, తరచుగా శత్రువు పొలాల్లోనే. ఆ విడియు వెనక ఉన్నది విడు. విడుదల, విడుపు, వీడ్కోలు, విడివడటం, చివరికి విడాకులు కూడా ఈ ఇంటివే. అన్నీ వదిలే పనులు. వదలడం అనే ధాతువుకు ఉండటం అనే అర్థం ఎలా పుట్టిందో చూడాలి.

జవాబు పొలంలో దొరుకుతుంది. మా చిన్నప్పుడు గడియారం లేని ఇళ్ళలో “అరకలు విడిచే పొద్దు” అంటే అందరికీ టైము తెలిసేది. కాడి విప్పి ఎడ్లను విడిస్తే పని ఆగినట్టు. బండిలో ఊరెళ్ళేవాడు ఎక్కడ ఎడ్లను విడుస్తాడో ఆ రాత్రికి అదే ఇల్లు. విడిచింది ఎడ్లను, పేరు వచ్చింది చోటుకు.

సంస్కృతమూ ఇదే దారిన నడిచింది. అవసానం అంటే మనకిప్పుడు చావుకు ముందు దశ. వేదకాలంలో దాని అర్థం గుర్రాల కట్లు విప్పే చోటు, మజిలీ, నివాసం. మాటకు వయసు మీదపడి అవసానదశకు చేరింది. రథం నుంచి గుర్రాన్ని విప్పడానికి వాడిన విమోచనం ఇప్పుడు సభల పేర్లలోనూ రాజకీయ ఉద్యమాల్లోనూ తిరుగుతోంది.

తమిళులు ఇంకో అడుగు వేశారు. వాళ్ళకు వీడు అంటే ఇల్లు. అదే వీడు అంటే మోక్షం కూడా: అఱం, పొరుళ్, ఇన్బం, వీడు అని పురుషార్థాలను లెక్కపెడతారు. సంసారి ఉండే కొంపకూ సన్యాసి కోరే విడుదలకూ ఒకే మాట పెట్టిన భాష ఎంత కొంటెదో! సుబ్రహ్మణ్యస్వామి ఆరు క్షేత్రాలను ఆఱుపడైవీడు అంటారు. పడై అంటే సేన. అంటే అవి ఒక సేనానాయకుడి ఆరు దండు విడుదులు. మన కావ్యాల్లోనూ వీడు అంటే పట్టణమే. వాడుకలో ఆ అర్థం పోయి, “వీడెవడు?” అనే వీడొక్కడే మిగిలాడు.

కన్నడంలో వకారం బకారమవుతుంది. మన వేరు వాళ్ళకు బేరు, మన వెల వాళ్ళకు బెలె, మన వీడు వాళ్ళకు బీడు. కల్యాణి చాళుక్యుల శాసనాల్లో రాజు ఫలానా నెలెవీడులో సుఖంగా రాజ్యం చేస్తున్నాడని రాయడం రివాజు. హొయసలుల దోరసముద్రం 14వ శతాబ్దంలో ఢిల్లీ సేనల దెబ్బకు కూలాక హళేబీడు అయింది. హళే అంటే పాత; కన్నడిగుడికి అది పాత రాజధాని. బస్సు కిటికీలోంచి ఆ బోర్డు చదివిన తెలుగువాడు ‘పాత బీడు’ అనుకుంటాడు, దిగి చూశాక తాను అనుకున్నదీ తప్పు కాదనుకుంటాడు.

ఇక్కడే నాకొక ముచ్చటైన లెక్క కుదిరింది. విడు నుంచి విడిది, విడు నుంచే బీడు. వదిలేసిన నేల బీడు, వదిలిన చోట విడిది. రెండూ అక్కచెల్లెళ్ళు, నేను కూర్చున్నది బీడులో విడిది. గుడారం బయట మడతకుర్చీలో ఈ సమీకరణం తలుచుకుని చాలాసేపు మురిసిపోయాను.

తరవాత అనుమానం వచ్చింది. దున్నకుండా పడి ఉన్న నేలను కన్నడిగులు బీడు అనరు, బీళు అంటారు. అది ‘పడు’ అనే అర్థమున్న మరో ధాతువు బిడ్డ. తమిళులు తమ భాష పేరు చివర నాలుక మడిచి పలికే ఆ అక్షరం ఉంది చూశారూ, అది తెలుగులో మాటల మధ్యన డకారంగా మారుతుంది. వాళ్ళు కోళి అని నాలుక మడిస్తే మనం కోడి అంటాం, ఏళు అని మడిస్తే ఏడు అంటాం. అలా చూస్తే మన బీడుకు విడు కన్నా ఈ బీళుతోనే చుట్టరికం దగ్గర. అక్కచెల్లెళ్ళనుకున్నవాళ్ళు ఇరుగుపొరుగులని తేలింది.

అయితే తెలంగాణ రైతు ఆదుకున్నాడు. ఆయన బీడును పడావు అంటాడు. “నాలుగేళ్ళుగా పడావు పడింది” అని నిట్టూరుస్తాడు. అదే పడావ్ హిందీలో దండు దిగే చోటు, యాత్రికుల మజిలీ. అంటే ‘విడు’ కాదు ‘పడు’ అన్నా మళ్ళీ అక్కడికే వచ్చాం. ఏ దారిన వెళ్ళినా బీడూ విడిదీ ఒక చోట ఎదురుపడుతూనే ఉన్నాయి. ముచ్చటైన లెక్క తప్పినా ఫలితం నిలిచింది. మా లెక్కల మాస్టారైతే మార్కులు ఇచ్చేవారు కాదు.

ఇంగ్లీషు డెజర్ట్‌ను విప్పితే ఏముంది? లాటిన్లో దేసేరేరే అంటే విడిచిపెట్టు. విడిచిపెట్టబడిన చోటు డెజర్ట్, దండు విడిచి పారిపోయే సిపాయి చేసే పనీ అదే. అచ్చంగా మన బీడు. కానీ ఎవరు విడిచారు? మేమున్న చోటికి దగ్గర్లోనే కొలరాడో నది వెంట మొహావీ మొదలైన జాతుల రిజర్వేషన్ ఉంది, 1865లో గీసిన గీత అది. వాళ్ళు ఈ నేలను విడవలేదు, వాళ్ళచేత విడిపించారు. డెజర్ట్ అనే మాట ఆ సంగతి మింగేసి, ఇక్కడ మొదటినుంచీ ఎవరూ లేనట్టు మొహం పెడుతుంది.

ఇప్పుడీ నేల ఎవరిది? బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఫెడరల్ సంస్థ పెత్తనంలో ఉంది. 1812 నాటి జనరల్ ల్యాండ్ ఆఫీసునూ 1934 నాటి మేత చట్టం కింద పుట్టిన గ్రేజింగ్ సర్వీసునూ 1946లో కలిపితే ఈ బ్యూరో పుట్టింది. ఒకరిది నేలను పంచిపెట్టే ఉద్యోగం, ఇంకొకరిది పశువులను లెక్కపెట్టే ఉద్యోగం. దీని చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో మూడో వంతు కావు. రైతులు, రైలు కంపెనీలు, అడవి శాఖ, జాతీయ పార్కులు ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుపోగా చాలావరకు మిగిలిపోయిన నేల ఇది.

మన రెవెన్యూ భాషలో దీనికి చక్కని పేరుంది. పోరంబోకు. తమిళ పుఱంబోక్కు నుంచి వచ్చింది. పుఱం అంటే వెలుపల, పోక్కు అంటే పోక. శిస్తు లెక్క వెలుపలికి పోయిన నేల. చెరువు గట్టు, వాగు, డొంక, శ్మశానం, పశువులు ఆగే మందబయలు, అన్నీ అందులోవే. నేలకు పెట్టిన పేరు మెల్లగా మనిషికి అంటుకుంది. శిస్తు కట్టని నేల పోరంబోకు, పని చెయ్యని కొడుకు పోరంబోకు. ఆ సాయంత్రం కుర్చీలో కాళ్ళు చాపుకుని, అమెరికా పోరంబోకులో పోరంబోకులా కూర్చున్నాను. ఒకే మాటను రెండర్థాల్లోనూ నిజం చేసే అవకాశం మనిషికి ఎప్పుడో గాని రాదు.

ఇక్కడ ఇలా దిగడాన్ని సర్కారువారు డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. చెదిరి, ఎడంఎడంగా దిగడమన్నమాట. కుళాయి లేదు, దొడ్డి లేదు, అంకె వేసిన గడి లేదు. తెలుగులో ఒక్క ధాతువుతో సరిపెట్టవచ్చు: విడివిడిగా విడియడం. మామూలుగా 28 రోజుల్లో 14 రోజులు ఉండవచ్చు. ఆ తరవాత అరిజోనాలో 25 మైళ్ళ అవతలికి జరగాలి. ఐదు రోజుల పెళ్ళికి అలసిపోయిన ఆడపెళ్ళివారు ఈ నిబంధన వింటే గుండె పట్టుకునేవారు.

క్యాంప్ లాటిన్ కాంపుస్ బిడ్డ. కాంపుస్ అంటే మైదానం. రోమునగరం పవిత్రమైన హద్దు లోపల సేన అడుగుపెట్టకూడదు గనక వెలుపలి మైదానంలో గుమిగూడేది. అక్కడినుంచి క్యాంపు, క్యాంపెయిన్, చాంపియన్, కాలేజీ క్యాంపస్ వచ్చాయి. ఎన్నికల ప్రచారమూ ఎమ్మెల్యేలను దాచే క్యాంపు రాజకీయమూ ఒకే మైదానంలో మొలిచాయన్నమాట. టెంట్ లాటిన్లో సాగదీయడం నుంచి వచ్చింది. ఆ ధాతువు సంస్కృతంలో తన్. మన తంతువు, తంత్రం, వితానం అందులోవి. మా అబ్బాయి తాళ్ళు లాగి కడుతున్నది ఒకవైపునుంచి టెంటు, ఇంకోవైపునుంచి వితానం. పందిట్లో కట్టే చాందినీకి దూరపు చుట్టం.

ఇక ఫ్రీ. దీని మూలధాతువుకు ప్రేమించడమని అర్థం. ఇంటి మనిషి ప్రియమైనవాడు, కాబట్టి బానిస కాడు, కాబట్టి స్వేచ్ఛగలవాడు. చివరికి డబ్బు కట్టనివాడు. సంస్కృతంలో ఆ ధాతువు ఇచ్చిన మాట ప్రియ. దాన్ని తెలుగు బజారుకు తెచ్చి “కందిపప్పు మహా ప్రియంగా ఉంది” అన్నాం. ఒకే తల్లి కడుపున పుట్టి ఇంగ్లీషులో ఒకడు ఊరికే దొరికేవాడయ్యాడు, తెలుగులో ఒకడు కొనలేనివాడయ్యాడు. మన ఉచితం ఇంకా విచిత్రం. సంస్కృతంలో తగినది, సముచితమైనది అని అర్థం. తగినట్టుగా ఇచ్చేది ఉచితం అంటూ, డబ్బు తీసుకోకుండా ఇచ్చేది ఉచితం అయింది. ఎన్నికల మానిఫెస్టోలు రాసేవారికి ఈ చరిత్ర పనికొస్తుంది.

తెల్లారాక ఊళ్ళోకి వెళ్ళి శ్మశానం చూశాం. రాళ్ళతో కట్టిన పిరమిడ్, దాని కొసన రేకుతో చేసిన ఒంటె. కింద ఉన్నాయన పేరు హై జాలీ. ఈ పేరు కోసమైనా నేను మళ్ళీ అక్కడికి వెళ్తాను.

1855లో అమెరికా కాంగ్రెసు సైన్యానికి ఒంటెలు కొనమని 30,000 డాలర్లిచ్చింది. 1856లో ఒంటెలు టెక్సస్ రేవులో దిగాయి. వాటిని తోలడానికి వచ్చిన వాళ్ళలో హాజీ అలీ ఒకడు. బొంబాయి సముద్రంలో దర్గా ఉన్న హాజీ అలీ వేరు, పేరు ఒక్కటే. ఆ పేరు అమెరికా సిపాయిల నోట్లో పడి హై జాలీ అయింది. హజ్ యాత్ర పోయింది, హాయీ జాలీ మిగిలాయి. అంతర్యుద్ధం వచ్చి ఒంటెల దండు చెదిరిపోయింది; కొన్నిటిని వేలం వేశారు, కొన్నిటిని ఎడారిలో విడిచిపెట్టారు. ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయి 1902లో పోయాడు. ఊరి పక్కన ఉచితంగా 14 రోజులు దిగగల మైదానాల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టారు.

ఒంటెల వరసకు తెలుగులో బిడారు అంటాం. ఇది నిస్సందేహంగా విడు సంతానం. కన్నడంలో బిడారమంటే తాత్కాలిక మకాం. మజిలీ పేరు మజిలీలు చేసే గుంపుకు వచ్చింది. బిడారుకు ఫార్సీ మాట కార్వాన్. హైదరాబాదులో ఒకప్పుడు వజ్రాల వర్తకులు మసలిన పేటకు ఇప్పటికీ అదే పేరు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని కారవాన్ చేసి, తల నరికి తోక దాచుకున్నారు: వ్యాన్. మా చుట్టూ ఆగి ఉన్నవి ఆ తోకలే. ఒంటెలవాడి పేరున్న మైదానంలో బిడారు ముక్కలు విడిది చేశాయి. నేను కల్పించింది ఏమీ లేదు.

పక్క వ్యాను పెద్దమనిషి తాను చేసేది క్యాంపింగ్ కాదని, బూన్‌డాకింగ్ అని దిద్దాడు. కరెంటు, నీళ్ళ కనెక్షన్ ఉంటే క్యాంపింగ్, ఏదీ లేకపోతే బూన్‌డాకింగ్. ఫిలిప్పీన్స్ తగలోగ్ భాషలో బుందోక్ అంటే కొండ. 1899లో మొదలైన యుద్ధంలో అక్కడి కొండల్లో తిరిగిన సిపాయిలు ఈ మాటను ఇంటికి తెచ్చుకున్నారు. కొండ పేరు చదును నేలలో స్థిరపడింది.

అసలు ఇబ్బంది రెండో రాత్రి వచ్చింది. ఇంకా ఏకాంతం కావాలని అబ్బాయి కారును లోపలికి పోనిచ్చాడు. హెడ్‌లైట్ వెలుగులో ఇనప గూటానికి తీగతో కట్టిన రేకు కనపడింది: ప్రైవేట్ ప్రాపర్టీ. గూటం ఇవతల కంకర, అవతలా కంకర. అదే క్రియొసోట్ పొద, అదే ముళ్ళు. కంచె లేదు, గట్టు లేదు. హద్దురాయి కోసం టార్చి వేసి వెతికాను, అలవాటు చొప్పున. అబ్బాయి ఫోన్లో మ్యాపు తీశాడు. బ్యూరో నేల పసుపు, అడవి శాఖది ఆకుపచ్చ, రాష్ట్రానిది నీలం, సొంతదారుది తెలుపు. పసుపు గుడ్డ మీద ఒక తెల్ల గడి, దాని అంచున మేము నీలి చుక్క.

ఇంకొన్ని చోట్ల ఇది గడి కాదు, గళ్ళ దుప్పటి. 1862 చట్టంతో మొదలుపెట్టి రైలుమార్గం వేసే కంపెనీలకు పట్టాల వెంట మైలు పొడుగు, మైలు వెడల్పు గళ్ళను ఒకటి విడిచి ఒకటి ఇచ్చారు. గడికి 640 ఎకరాలు. నెవాడాలో, వయోమింగ్‌లో, మొహావీ ఎడారిలో ఆ చదరంగం బల్ల నేటికీ చాలాచోట్ల చెదరలేదు. కాలిఫోర్నియాలో ట్వెంటీనైన్ పామ్స్ వైపైతే 1938 చట్టం కింద ఐదేసి ఎకరాలు తీసుకుని, చట్టం అడిగినట్టు చిన్న గుడిసె వేసి, నీళ్ళు లేక వదిలేసి పోయినవాళ్ళు ఎందరో. తలుపుల్లేని ఆ కొట్టాలను చెవులపిల్లి ఇళ్ళంటారు. చూడటానికి ఎవరివీ కావు, కాగితం మీద ఎవరివో. వీడిపోయిన వీళ్ళు, తమిళంలోనూ తెలుగులోనూ.

ప్రైవేట్ అన్న మాటా విడదీయడం నుంచే వచ్చింది. లాటిన్లో ప్రీవారే అంటే లేకుండా చెయ్యడం. పదవి లేనివాడు ప్రీవాతుస్. పటాలంలో ఏ పట్టీ లేని సిపాయిని ప్రైవేట్ అనడం అందుకే. అందరిదాంట్లోంచి విడదీసి, అందరికీ లేకుండా చేసిన ముక్క ప్రైవేట్ ప్రాపర్టీ. ఆ రేకు మీది రెండో పంక్తి, ట్రెస్‌పాసింగ్ గురించి. దాటి అడుగువేయడమని మూలార్థం. మన అతిక్రమణలో క్రమం అంటే అడుగే. అక్కడా ఇక్కడా నేరం పుట్టింది పాదంలోంచే.

మన పల్లెల్లో ఈ కథ తిరగబడి జరుగుతుంది. కోతలయ్యాక గొల్లలు, కురుమలు గొర్రెలమందతో వస్తే రైతు గూటం పాతడు, ఎదురెళ్ళి బతిమాలతాడు. రాత్రికి మంద తన చేలో ఆగితే ఎరువు. దానికి కాపరికి గింజలో డబ్బో ఇస్తాడు. పరాయి నేలలో పడుకున్నందుకు ఎదురు కూలి. ఈ సంగతి అబ్బాయితో చెప్పాను. “మన దగ్గర గొర్రెలు లేవు నాన్నా” అని రివర్స్ గేరు వేశాడు. మ్యాపులో నీలి చుక్క పూర్తిగా పసుపులోకి వచ్చేదాకా వెనక్కి పోనిచ్చాడు.

మూడోరోజు పొద్దున్న బయలుదేరాం. అబ్బాయి మేకులు లెక్కపెడితే ఒకటి తగ్గింది. ఇద్దరం వంగి కాసేపు కంకరంతా వెతికితే నా కుర్చీ కింద దొరికింది. గుడారం అడుగున నలిగిన గడ్డిపరకలను అరచేత్తో లేపాను, అవి లేవలేదు. ఫోను మోగింది.

“విడిది విడిచాం, వస్తున్నాం” అన్నాను.

“విడిది విడవరండీ, ఖాళీ చేస్తారు” అంది.

నిజమే, తెలుగు అంతే. ఖాళీ అరబ్బీ మాట. అక్కడివాళ్ళు తమ అతిపెద్ద ఇసక ఎడారికి పెట్టిన పేరు రుబ్ అల్ ఖాలీ. దారి పొడుగునా అబ్బాయికి అదే చెబుతూ కూర్చున్నాను.